తేనె డ్రమ్ము కొనేముందు

ధాన్యం అమ్ముకోవడానికి వెళ్తే తేమ 17 శాతం దాటిందంటారు. పత్తి తీసుకెళ్తే 8 శాతం దాటిన దగ్గర్నుంచి ధర కోస్తారు, 12 దాటితే బండి వెనక్కి తిప్పమంటారు. తేమ అన్న మాట మన రైతుకు కొత్త కాదు. దాన్ని కొలిచే మిషను ఎప్పుడూ ఎదుటివాడి చేతిలోనే ఉండటమూ కొత్త కాదు. ఇప్పుడు అదే మాట తేనె దగ్గర వినిపిస్తోంది. కొమ్మాది, పరదేశిపాలెం, బోయపాలెం, ఆనందపురం వైపు తేనెపెట్టెలు పెట్టుకున్న మన సభ్యులు కొందరు మొన్న సమావేశంలో ఈ సంగతే చెప్పారు. కొనడానికొచ్చిన వ్యాపారి "తేనె పల్చగా ఉంది, నీరెక్కువ" అని ధర తెగ్గోశాడట. ఏ మిషనుతో చూశాడని అడిగితే, సీసా అటూ ఇటూ వంచి చూశాడన్నారు.

ఆ సమావేశంలోనే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇంకొకటుంది. తేనె తీయడానికి ఏ డ్రమ్ము కొనాలి, ఎన్ని ఫ్రేములది కొనాలి, సీసాల్లో నింపడానికి ఏమేం సామాను కావాలి అని. మా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. ముందు డ్రమ్ము కొనకండి. ముందు తేమ కొలిచే పరికరం కొనండి. డ్రమ్ము కావాలంటే పదిమంది కలిసి ఒకటి కొనుక్కోండి. ఎందుకంటున్నామో వివరంగా చెబుతాం.

మధురవాడ ఇప్పుడు పేరుకు నగరమే. పల్లం భూములు ప్లాట్లయ్యాయి, మిగిలింది కొండవాలు జీడిమామిడి, గట్ల మీది కొబ్బరి, అక్కడక్కడ మామిడి తోపులు. భూమి తక్కువైన రైతుకు తేనెటీగ మంచి తోడు. దానికి సెంటు భూమి కూడా అక్కర్లేదు, పక్కవాడి తోటలో మేసి మన పెట్టెలోకి తెస్తుంది, మేసిన తోటకూ కాపు పెంచుతుంది. కొనేవాళ్లకూ కొదవలేదు. ఐటీ కొండ మీద ఉద్యోగాలు చేసేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు కల్తీలేని తేనె ఎక్కడ దొరుకుతుందని అడుగుతూనే ఉన్నారు. కనుక మన సభ్యుడికి లాభం ఉండేది డబ్బాలెక్కన వ్యాపారికి పోయడంలో కాదు, తానే సీసాలో నింపి నేరుగా అమ్ముకోవడంలో. ఆ పని ఇంట్లో చేసుకోదగ్గదే. కాకపోతే ఏ సామాను ఎవరికి కావాలో తెలియకుండా కొంటే, తేనె మీద వచ్చేది కాస్తా సామాను అమ్మేవాడికి పోతుంది.

ముందు తేమ సంగతి చూద్దాం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. అది దాటితే తేనె పులుస్తుంది. మూత తీయగానే బుస్సుమని నురగ, పుల్లటి వాసన. ఈగలు ఆరబెట్టి, మైనంతో మూత వేసిన గళ్లలో తేనె సాధారణంగా 17, 18 శాతం దగ్గర ఉంటుంది. మూత వేయని గళ్లలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇంకో చిక్కు మన సముద్రతీరానిది. తేనె గాలిలో తేమను పీల్చుకునే వస్తువు. గాలిలో తేమ 60 శాతం దాటితే, మంచి తేనె కూడా మూత తీసి ఉంచిన గిన్నెలో నెమ్మదిగా నీరు పడుతుంది. విశాఖ గాలిలో తేమ 60కి దిగే రోజులు ఏడాదిలో ఎన్నుంటాయో మనకు తెలియనిది కాదు, ఆరేసిన బట్టల్ని అడిగినా చెబుతాయి. పంజాబులోనో, ఉత్తరప్రదేశ్‌లోనో తేనె రైతు చేసినట్టు రాత్రంతా తెరిచిన డ్రమ్ములో వదిలేస్తే, ఇక్కడ మన తేనెకు మనమే నీళ్లు పోసుకున్నట్టు.

అందుకే మొదటి ఖర్చు హనీ రిఫ్రాక్టోమీటరు మీద పెట్టమంటున్నాం. చిన్న బైనాక్యులర్ గొట్టంలా ఉంటుంది. గాజు మీద ఒక చుక్క తేనె రాసి వెలుతురు వైపు పెట్టి చూస్తే నీటి శాతం గీత మీద కనిపిస్తుంది. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఒకటి గమనించాలి. పండ్ల రసానికి, చెరకు రసానికి వాడే రిఫ్రాక్టోమీటరు తేనెకు పనికిరాదు, దాని కొలత 32 దగ్గరే ఆగిపోతుంది. తేనె కోసమని చేసినదాంట్లో నీటి శాతం విడిగా గుర్తు వేసి ఉంటుంది. దాంతోపాటు సరిచూసుకోవడానికి చిన్న సీసాలో నూనె గానీ గాజు పలక గానీ ఇస్తారు. పారేయకండి, మామూలు నీటితో దీన్ని సరిచూడలేం. ఇది చేతిలో ఉన్న రైతు దగ్గర సీసా వంచి ధర చెప్పడం ఏ వ్యాపారికీ కుదరదు.

పరికరం లేనివాళ్లు కూడా ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఫ్రేమును పడుకోబెట్టి పట్టుకుని ఒక్కసారి కిందికి విదిలించండి. చుక్కలు రాలితే అది ఇంకా పచ్చి తేనె, పెట్టెలో తిరిగి పెట్టేయాలి. ఫ్రేములో మూడొంతులు మూతపడ్డాకే తీయాలి. తీసే పనిని పొద్దున మంచులో కాక, ఎండ బాగా ఎక్కాక తలుపులు వేసిన గదిలో పెట్టుకోవాలి. తలుపులు వేయడం తేమకే కాదు, వాసన పట్టి వచ్చే ఈగలు గదినిండా ముసురుకోకుండా కూడా.

ఇక డ్రమ్ము. తేనె తీసే యంత్రం 1865లో ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన హ్రుష్కా అనే ఆయన చేసి చూపించాడు. బోనులో ఫ్రేములు నిలబెట్టి గిరగిరా తిప్పితే తేనె విసురుకు బయటికొచ్చి డ్రమ్ము గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది, పట్టు మాత్రం చెడదు. దీని విలువంతా ఆ పట్టు చెడకపోవడంలోనే ఉంది. కిలో మైనం కట్టడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయని పెంపకందార్ల అంచనా. ఖాళీ పట్టు తిరిగిస్తే ఆ తేనె మనకు మిగులుతుంది. ఈగలు కొత్తగా కట్టుకునే పని లేకుండా మళ్లీ నింపుతాయి. కనుక డ్రమ్ము మంచిదే, ఎవరూ కాదనరు. అది ఎవరికి గిడుతుందన్నదే ప్రశ్న.

మన దగ్గర రెండు రకాల ఈగలున్నాయి. ఒకటి నాటు ఈగ, పుట్టల్లో తొర్రల్లో ఉండే పుట్ట తేనెటీగ. రెండోది మెల్లిఫెరా, మనవాళ్లు ఇటాలియన్ ఈగ అంటారు. నాటు ఈగ పెట్టెకు ఏడాదికి అయిదారు కిలోలొస్తే మంచి దిగుబడి. ఇటాలియన్ ఈగను పూత వెంట ఊరూరా తిప్పుకుంటే పాతిక ముప్ఫై కిలోలు తీయవచ్చు. మన సభ్యుల్లో ఎక్కువమందివి నాటు ఈగ పెట్టెలు, అవీ నాలుగైదు. అంటే ఏడాది మొత్తం మీద పాతిక కిలోలు. రెండు మధ్యాహ్నాల పని. మిగతా 363 రోజులూ నాలుగు ఫ్రేముల డ్రమ్ము పశువుల పాకలో బూజు పట్టి ఉంటుంది. పైగా తీసిన ప్రతిసారీ డ్రమ్ము గోడలకు, బోనుకు అంటుకుని పోయే తేనె ఉంటుంది. పెద్ద పంటకు అది లెక్కలోకి రాదు. నాలుగు కిలోలు తీసేవాడికి మాత్రం డ్రమ్ము మింగిందే కనబడుతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది, దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. నాటు ఈగ పెట్టెలు ఎక్కువగా న్యూటన్ కొలతవి. ఫ్రేము పొడవు 8 అంగుళాల పైచిలుకు. ఇటాలియన్ ఈగ లాంగ్‌స్ట్రాత్ ఫ్రేము 17 అంగుళాలకు పైనే. బజారులో, ఆన్‌లైన్‌లో దొరికే డ్రమ్ముల బోను చాలావరకు పెద్ద ఫ్రేముకు చేసిందే. దాంట్లో మన చిన్న ఫ్రేము నిలవదు, తిప్పగానే జారి మధ్య ఇరుసుకు కొట్టుకుని పట్టు చెక్కలవుతుంది. అలా డబ్బు పోసి కొని, కొబ్బరి తాడుతో ఫ్రేములు కట్టుకుని తిప్పుతున్న సభ్యుణ్ణి మేం చూశాం. కొనడానికి వెళ్లేటప్పుడు మీ పెట్టెలోని ఖాళీ ఫ్రేము ఒకటి చంకలో పెట్టుకుని వెళ్లండి. బోనులో నిలబెట్టి చూడకుండా డబ్బివ్వకండి.

ఫ్రేము ముఖాన్ని డ్రమ్ము గోడవైపు పెట్టే రకంలో ఒక వైపే తేనె వస్తుంది. మొదటి వైపు సగం తీసి, తిప్పి, రెండో వైపు మొత్తం తీసి, మళ్లీ మొదటి వైపుకు రావాలి. తొందరపడి ఒకే వైపు జోరుగా తిప్పితే రెండో వైపు బరువుకు లేత పట్టు చిరుగుతుంది. సైకిలు చక్రం ఊచల్లా ఫ్రేములు అమర్చే రకంలో రెండు వైపులా ఒకేసారి వస్తుంది గానీ, అది వంద పెట్టెలున్నవాళ్ల సామాను, కరెంటు మోటారుతో నడిచేది. మనకు చేత్తో తిప్పే రెండు ఫ్రేములది గానీ నాలుగు ఫ్రేములది గానీ చాలు, అదీ ఉమ్మడిగా.

రేకు విషయంలో రాజీ వద్దు. తేనె తియ్యగా ఉంటుంది గానీ గుణంలో పులుపుది. జింకు పూత ఉన్న జీఐ రేకును అది కొద్దికొద్దిగా తింటుంది. ఒకటి రెండేళ్లకు తుప్పు పైకి తేలుతుంది, తేనెలో లోహం రుచి వస్తుంది. సబ్సిడీ మీద వచ్చిన డ్రముల్లోనూ ఇలాంటివి చూశాం. స్టెయిన్‌లెస్ 304 రకం రేకు అని బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం పెట్టి చూస్తే చాలదు. ఇనుము, జీఐ అయితే అంటుకుని దొరికిపోతాయి, కానీ చవక రకం 202 స్టెయిన్‌లెస్‌కు కూడా అయస్కాంతం అంటదు. అందుకే బిల్లు. ఉక్కు నగరంలో ఉండి స్టీలు గురించి ఇంత జాగ్రత్తేమిటని నవ్వకండి. మన ఉక్కు ఫ్యాక్టరీలో తయారయ్యేవి ఊచలు, తీగ చుట్టలు, దూలాలు. స్టెయిన్‌లెస్ రేకు బయటి నుంచే వస్తుంది. కానీ ఆ రేకు తెచ్చి డ్రమ్ము చేసిపెట్టే పనివాళ్లు గాజువాక ఆటోనగర్‌లో ఉన్నారు. మన ఫ్రేము కొలతకు బోను చేయించుకోవడం అక్కడ సాధ్యమే. అతుకులు సీసం టంకంతో కాక ఆర్గాన్ వెల్డింగుతో ఉండాలని ముందే చెప్పాలి. గేర్లు ఇనుపవైతే గ్రీజు తేనెలో పడకుండా కింద పళ్లెం ఉండాలి.

మరి డ్రమ్ము లేని నాలుగు పెట్టెల రైతు ఏం చేయాలి? పట్టు పిండటం మాత్రం వద్దు. చేత్తో పిండితే పుప్పొడి, పిల్లపురుగు, చెమట అన్నీ కలిసి తేనె మడ్డిగా మారి త్వరగా పులుస్తుంది. పాడేరు కొండల్లో తేనె సేకరించే గిరిజనులకు ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం ఇదే. తేనె ఉన్న భాగం వరకే కోయాలి, పిల్లలున్న భాగాన్ని చెట్టు మీద వదిలేయాలి, పిండకుండా గుడ్డ మీద కారనివ్వాలి. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ మన విశాఖ కేంద్రంగానే ఈ తేనె కొని అమ్ముతోంది. మనం కూడా అదే పద్ధతిని బకెట్లతో చేసుకోవచ్చు. మూత ఉన్న రెండు ఆహార రకం బకెట్లు తీసుకుని పైదాని అడుగున చిల్లులు వేసి, స్టీలు జల్లెడ పరిచి, కిందిదాని మీద కూర్చోబెట్టాలి. మూతలు చెక్కిన పట్టును ముక్కలు చేసి పైబకెట్లో వేసి మూత పెట్టేస్తే ఎండ వేడికి ఒక రోజులో తేనె కిందికి దిగుతుంది. పట్టు పోతుంది, నిజమే. కానీ మైనం మిగులుతుంది, దానికీ కొనేవాళ్లున్నారు. మూతలు చెక్కడానికి ప్రత్యేకం కత్తి కొననక్కర్లేదు. రొట్టెలు కోసే పొడుగు కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి వాడితే చాలు. తుడవకపోతే ఆ నీళ్లూ తేనెలోకే పోతాయి.

వాట్సాప్‌లో తిరిగే వీడియో ఒకటుంది, పెట్టెకు కుళాయి తిప్పితే తేనె ధారగా సీసాలో పడుతుంది. అది 2015లో ఆస్ట్రేలియా తండ్రీకొడుకులు తెచ్చిన పెట్టె. అబద్ధమేం కాదు. కానీ దాని ప్లాస్టిక్ గళ్లు ఇటాలియన్ ఈగ కొలతకు చేసినవి, మన నాటు ఈగ కట్టే గది అంతకంటే చిన్నది. పేరుకునే తేనె దాంట్లోంచి కారదు. దాని ధరకు మన దగ్గర పెట్టెల వరుసే పెట్టుకోవచ్చు. చూసి ఆనందించండి, ఆర్డరు పెట్టకండి.

తీసిన తేనెను వడకట్టాక తేరనివ్వాలి. ఇందులోనే చాలామంది తొందరపడతారు. వడపోతకు స్టీలు జల్లెడలు రెండు, పైన ముతకది, కింద సన్నది ఉంటే చాలు. మరీ సన్నని గుడ్డ పెడితే తేనె దిగదు, దిగినా పుప్పొడంతా పైనే ఉండిపోతుంది. తేనె ఏ పువ్వుదో చెప్పే సాక్ష్యం పుప్పొడే. తరువాత మూత బిగువుగా ఉన్న పీపాలో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మైనపు నలక, గాలిబుడగలు పైకి తేలతాయి. అడుగు నుంచి తీస్తే తేట తేనె. దీనికి నీటి కుళాయి పెట్టకండి, సన్నని గొంతులో తేనె ధార తెగి తెగి పడుతుంది, చివర చుక్క ఆగదు. తేనె గేటు అని వెడల్పు మూతి బిరడా దొరుకుతుంది. వందల్లో ధర. సీసాలు నింపే మిషను ఎంతదైనా ఇంటి స్థాయిలో ఈ గేటు చేసే పనే చేస్తుంది.

పీపా గురించి ఒక హెచ్చరిక. పరిశ్రమల నుంచి బయటికొచ్చే నీలం డ్రమ్ములు మన చుట్టుపక్కల చవగ్గా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిలో ఏ రసాయనం పోసి ఉంచారో మనకు తెలియదు. వాటిలో నీళ్లు పట్టడమే తప్పు, తేనె అసలే వద్దు. పాల అల్యూమినియం క్యాను కూడా నిల్వకు పనికిరాదు. ముప్ఫై కిలోల ఆహార రకం ప్లాస్టిక్ పీపా చాలు.

ఇక సీసాలు. తేనె నీటికంటే బరువు, లీటరు తేనె సుమారు 1400 గ్రాములు తూగుతుంది. అందుకే 750 మిల్లీలీటర్ల పాత మందు సీసా నిండా పోస్తే కిలోకు పైనే పడుతుంది. సీసా లెక్కన అమ్ముకునే మన రైతు ముప్పావు కిలో అనుకుని కిలో ఇచ్చేస్తున్నాడు! అరకిలో తేనెకు 360 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. వెడల్పు మూతి గాజు సీసా అన్నిటికన్నా మంచిది. తేనె పేరుకుంటే వేడినీళ్లలో నిలబెట్టి కరిగించుకోవచ్చు. దూరం పంపేటప్పుడు పెట్ సీసా వాడినా తప్పులేదు. కడిగిన సీసా ఎండలో పూర్తిగా ఆరాలి, అడుగున నిలిచిన చెంచాడు నీళ్లు చాలు పైపొర పులియడానికి. తూనిక ముద్ర ఉన్న కాటా కొనండి. ప్యాక్ చేసి అమ్మేదానికి నికర బరువు, ధర, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేబులు మీద ఉండాలి. తేనెకు వేయాల్సింది ఆకుపచ్చ గుర్తే. ఏడాది లోపు పిల్లలకు పెట్టవద్దని కూడా అచ్చు వేయించండి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో ఉన్నదే గానీ, ఆ వయసులో అది ప్రాణం మీదికి తేవచ్చని డాక్టర్లు చెబుతున్నారు.

పేరుకున్న తేనె కల్తీది కాదని కొనేవాళ్లకు మనమే చెప్పాలి. అరకు వైపు వలిసె పూతకు పెట్టెలు తీసుకెళ్లినవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. పొయ్యి మీద పెట్టి మరిగించడం మాత్రం వద్దు. నీళ్లలో నిలబెట్టి, చెయ్యి పెట్టగలిగేంత వేడి, 40, 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు.

ప్రభుత్వ పథకాల దగ్గర మనం గట్టిగా మాట్లాడాల్సింది ఉంది. 2014 నాటి సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ మార్గదర్శకాల్లో నాలుగు ఫ్రేముల యంత్రం, 30 కిలోల పీపా, వలతో కూడిన సెట్టుకు 20 వేల రూపాయలు లెక్కగట్టి, 40 శాతం సబ్సిడీ పెట్టారు. 2020లో 500 కోట్లతో జాతీయ తేనెటీగల పెంపకం మిషన్ కూడా వచ్చింది. డబ్బు లేదని ఎవరూ అనలేరు. అయితే సెట్టు పంజాబు రైతుకూ మధురవాడ రైతుకూ ఒకటే. దాంట్లో తేమ కొలిచే పరికరం ఏది? నాటు ఈగ ఫ్రేముకు సరిపోయే బోను ఏది? రైతు వాటా డబ్బు కట్టాక సరఫరాదారు ఇచ్చిందే తీసుకోవాలనడం సబ్సిడీ కాదు, సరుకు వదిలించుకోవడం. సెట్టు బదులు గ్రామానికో ఉమ్మడి తేనె గది కావాలి. అందులో మన కొలత డ్రమ్ము, గేటున్న పీపా, రిఫ్రాక్టోమీటరు, గాలిలో తేమ తీసే చిన్న మిషను ఉండాలి. ట్రాక్టర్లు, వరికోత మిషన్లు అద్దెకిచ్చే కేంద్రాలు పెట్టగా లేనిది, తేనెకు ఎందుకు కుదరదు? ఉద్యాన శాఖకు ఈ నెలలో మేం ఇచ్చే వినతిపత్రంలో ఇదే రాస్తున్నాం. మధురవాడ రైతుబజారులో తేనె రైతులకు ఒక బల్ల కేటాయించమని కూడా.

2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్‌ఈ సంస్థ 13 కంపెనీల తేనెను పరీక్ష చేయిస్తే జర్మనీ ప్రయోగశాలలో అన్ని పరీక్షలూ నెగ్గినవి మూడే. పంచదార పాకం కలిపి చవగ్గా అమ్మేవాడితో మనం ధరలో పోటీ పడలేం. మన సీసా మీద తేమ శాతం, పూత పేరు, తీసిన నెల రాసి ఇవ్వగలం. అనుమానమొచ్చినవాడు మన తోటకు వచ్చి పెట్టె చూడగలడు. ఆ పని పెద్ద కంపెనీ చేయలేదు.

ఉమ్మడి డ్రమ్ముకు పేర్లు ఇవ్వదలచినవాళ్లు జీడిమామిడి పూత మొదలయ్యేలోగా సంఘం కార్యాలయంలో చెప్పండి. ఎన్ని పెట్టెలు, ఏ ఈగ, కిందటేడు ఎన్ని కిలోలు తీశారు, ఈ మూడూ చాలు. వచ్చేటప్పుడు ఖాళీ ఫ్రేము ఒకటి, మీ తేనె చిన్న సీసాలో కొంచెం తీసుకురండి. బోను కొలత ఫ్రేమును బట్టి రాసుకుంటాం, తేమ అక్కడికక్కడే చూసి కాగితం మీద రాసిస్తాం.